వాగు దాకా వెళ్ళని రోజు

పోయిన ఆదివారం సాయంత్రం మా దీవిలోనే ఊరికి శివారైన గరాచర్మలో మా అన్నయ్య కూతురి ఇంటికి టీకి వెళ్ళాను. ఇల్లు కట్టుకుని ఇంకా ఏడాది కాలేదు. వంటింట్లో గోడకి ఆనించి ఒక కరెంటు ఓవెన్ పెట్టుకుంది. సెలవు రోజొస్తే అందులో డ్రై ఫ్రూట్ కేకు చేసి మమ్మల్నందరినీ పిలుస్తుంది. పైన క్రీము, పువ్వులు ఏమీ ఉండవు. కిస్‌మిస్, ఖర్జూరం, కాస్త జీడిపప్పు వేసిన గోధుమరంగు కేకు. వేలెడు మందాన కోసి టీతోపాటు ఇస్తుంది. ఆ రోజు రెండో కేకుకి పిండి కలుపుతూ, తన దగ్గరే ఉంటున్న వాళ్ళమ్మని, అంటే మా వదినని, టిన్ను కడిగి ఇమ్మంది. వదిన సబ్బుతో కడిగింది. మళ్ళీ కడిగింది. గుడ్డతో తుడిచి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఇంకోసారి కడిగి ఇంకోసారి వాసన చూసింది. మా వదిన ఏ గిన్నెనైనా ఇలాగే చేస్తుంది, మా ఇంట్లో అందరికీ అలవాటే. నాలుగేళ్ళ మనవరాలు అమ్మమ్మని చూసి తన పాలగ్లాసుని ముక్కుకి ఆనించుకుని గట్టిగా ఎగబీల్చింది. అందరం నవ్వాం.

ఆ రోజు అక్కడ ఒక కొత్త మనిషి ఉంది. మా అమ్మాయి (అన్నయ్య కూతుర్ని నేను అలాగే అంటాను) అత్తగారు, పై దీవిలోని రంగత్ నుంచి వచ్చింది. "అదేటి వదినగారూ, అన్నిసార్లు వాసన చూస్తన్నారు?" అని అడిగింది. వదిన జవాబు చెప్పేలోపే మా అమ్మాయి అందుకుంది. "అయ్యో అత్తయ్యా, మీకు తెలీదు కదా! చిన్నాన్నా, చేపల కేకు కథ చెప్పు. నీ నోట వింటేనే మజా."

చెప్పాను. ఆ కథ చెప్పడంలో మా కుటుంబంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఆఫీసరమ్మ హిందీని ఎలా సాగదీయాలో ఏళ్ళ తరబడి చెప్పి చెప్పి నున్నగా చేసిన కథ. సునామీకి మూడేళ్ళ ముందు మా జంగ్లీఘాట్ ఇంటికి ఒక ఆఫీసరమ్మ టీకి వస్తుంది. ఉత్తరాది మనిషి, చేప ముట్టదు. మా వదిన కంగారులో చేపల పులుసు వండే దేక్చీలో కేకు చేసేస్తుంది. ఆఫీసరమ్మ ముక్క నోటి దాకా తీసుకెళ్ళి ఆగి, "ఇస్ మే... మఛ్లీ?" అంటుంది, ఇందులో చేపా అని. అంతే కథ. రంగత్ ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు వచ్చేలా నవ్వింది. వదిన కూడా నవ్వింది. నవ్వుతూనే టిన్నుని మళ్ళీ ఒకసారి ముక్కు దగ్గరికి తీసుకెళ్ళింది.

నేను నా కేకు ముక్కని తిరిగి ప్లేటులో పెట్టేశాను.

ఈ కథలో వదిన చేసినట్టు చెప్పే పొరపాటు వదిన చేయలేదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. నాకిప్పుడు నలభై ఏడు. బతు బస్తీలో కుళాయిలు, పైపులు అమ్ముకునే చిన్న దుకాణం ఉంది. ఆదివారం బస్సులో ఇంటికొస్తుంటే, నాకేదన్నా అయితే ఆ కథ అలాగే మిగిలిపోతుందని తోచింది. నాలుగేళ్ళ పిల్ల దాకా వచ్చేసింది మరి. ఆ పిల్ల పెద్దదై తన పిల్లలకి కూడా గిన్నె వాసన చూసే ముత్తవ్వ గురించి చెబుతుంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు జంగ్లీఘాట్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే తప్పులో సగం ఆ వాసనదే. మాది సగం చెక్క, సగం గోడ, పైన రేకుల ఇల్లు. ఆ గోడని మా తాత సముద్రపు ఇసుకతో కట్టించాడట. ఎన్నిసార్లు సున్నం వేసినా వానాకాలం వచ్చేసరికి ఉప్పు కక్కేది. మా వీధి చివర చేపల పడవలు ఆగే చోటు. తెల్లవారకముందే బుట్టలు దిగేవి, పొద్దెక్కేసరికి పొలుసులు, పేగులు, ఐసు కరిగిన నీళ్ళు అన్నీ ఆ ఇసుకలో ఇంకిపోయేవి. బయటి మనిషి ఎవరైనా మా వీధిలోకి అడుగు పెడితే జేబురుమాలు తీయాల్సిందే. మాకు మాత్రం ఏ వాసనా లేదు. నేనొకసారి ఆరు నెలలు వైజాగ్‌లో ఉండి షిప్పు దిగి ఇంటికి వచ్చాను. వీధి మలుపు తిరగ్గానే ముక్కు మూసుకున్నాను. "అమ్మా, ఇదేం కంపు?" అన్నాను. "ఏ కంపు?" అంది అమ్మ. కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చునేసరికి నాకూ ఏమీ లేదు. వాసన ఎక్కడికీ పోలేదు, నేనే మళ్ళీ జంగ్లీఘాట్ వాణ్ణి అయిపోయాను.

ఆ ఇంటికి వదిన శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి కోడలుగా వచ్చింది. మూడు రోజుల షిప్పు ప్రయాణంలో తల ఎత్తలేదట. దిగేసరికి పసుపు ముద్దలా ఉంది, కానీ చేతిలో సంచీ మాత్రం వదల్లేదు. అందులో పదో తరగతి సర్టిఫికెట్టు ఉంది. మా ఇంట్లో అప్పటికి తెలుగు తడుముకోకుండా చదివే మనిషి నాన్న ఒక్కడే. వదిన వచ్చాక ఇద్దరయ్యారు. నాకు నేర్పింది కూడా ఆవిడే. ఇక్కడ పుట్టి హిందీ బడిలో చదివినవాణ్ణి, తెలుగు మాటలే తప్ప అక్షరాలు రాని నాకు సాయంత్రాలు పీట వేసి కూర్చోబెట్టి గుణింతాలు దిద్దించింది. ఇప్పుడు ఈ ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ చలవే. ఆవిడ నేర్పిన అక్షరాలతోనే ఆవిడకి చేసిన అన్యాయం రాయాల్సి రావడం నాకు తగిన శిక్షే అనిపిస్తోంది.

కేకు మాత్రం పక్కింటి చాచా దగ్గర నేర్చుకుంది. ఆయన షిప్పులో భండారీగా, అంటే వంటవాడుగా, చేసి రిటైరైన ముసలాయన. షిప్పులో ఓవెన్లు ఉండేవట, ఇంటికొచ్చాక స్టవ్వే గతి. అందుకని ఇసుక మీద కేకు చేసేవాడు. లోతైన అల్యూమినియం దేక్చీలో మూడు వేళ్ళ మందాన ఇసుక పోసి, దాని మీద ఇనుప చుట్టు పెట్టి, మూత వేసి కిరసనాయిలు స్టవ్వు మీద అరగంట వేడెక్కనివ్వాలి. కేకు పిండిని బిస్కెట్ల డబ్బా అడుగుభాగంలో పోసి ఆ చుట్టు మీద దించాలి. మూత కదలకుండా పైన ఒక రాయి. ఇక గంట సేపు మూత తీయకూడదు, స్టవ్వు దగ్గర గట్టిగా అరవకూడదు. రెండో నియమం ఎందుకో చాచాకీ తెలీదు గానీ మేం పాటించేవాళ్ళం. కిస్‌మిస్‌నీ ఖర్జూరం ముక్కల్నీ ముందు రోజే లాల్‌చాయ్‌లో, అంటే పాలు పోయని టీలో, బెల్లం ముక్కతో నానబెట్టాలి. పొద్దుటికి అవి ఉబ్బి, నల్లగా నిగనిగలాడుతుంటే, ఆ గిన్నె పక్కనుంచి ఒక్కటి నోట్లో వేసుకోకుండా వెళ్ళినవాడు మా ఇంట్లో లేడు.

అన్నిటికంటే ముఖ్యం ఇసుక. "రేత్ మీఠీ హోనీ చాహియే, బేటీ," అనేవాడు చాచా, ఇసుక తియ్యనిదై ఉండాలని. ఇక్కడ మంచినీళ్ళని మీఠా పానీ అంటాం కదా, అలాగే మంచినీటి వాగులో ఇసుకే తేవాలని ఆయన పట్టు. సముద్రం ఇసుక చూడ్డానికి తెల్లగా బాగుంటుంది, కానీ వేడెక్కితే కడుపులో ఉన్నదంతా కక్కుతుందనేవాడు. ఏడాదికోసారి, వానలు వెనకబట్టాక, గరాచర్మ దాటి వాగు దాకా సైకిలు మీద వెళ్ళి ఒక సంచీడు ఇసుక తెచ్చేవాడు. ఆయన పోయాక ఆ పని అన్నయ్యది. అప్పట్లో గరాచర్మ అంటే పోక తోటలు, ఆవులు, అక్కడక్కడ ఇల్లు. పోనూ రానూ రెండు గంటలు. కేకు దేక్చీని వదిన వేరే దేనికీ వాడేది కాదు. ఉట్టికి వేలాడదీసి గుడ్డ కప్పేది. దానికి జంటగా అచ్చు అలాంటిదే ఇంకో దేక్చీ ఉండేది. ఒకే రోజు, ఒకే దుకాణంలో కొన్నవి. అది చేపలకి.

ఇక ఆఫీసరమ్మ సంగతి. అన్నయ్య టిఫిను డబ్బాలో వెళ్ళిన కేకు ముక్క ఒకటి ఆఫీసులో చేతులు మారి ఆవిడ దాకా చేరింది. ఆడవాళ్ళకి పనులు నేర్పే ఒక కేంద్రం ఆవిడ చేతి కింద ఉంది. అక్కడ బేకింగు నేర్పే మనిషి కావాలి, కానీ ఓవెన్ లేదు. ఓవెన్ లేకుండా ఇంత కేకు ఎలా చేస్తున్నారో తనే ఇంటికొచ్చి చూస్తానని, రుచి చూసి అన్నీ బాగుంటే ఆ పని మా వదినకే ఇస్తానని కబురు చేసింది. తను గుడ్డు వరకూ తింటాననీ, చేప, మాంసం ముట్టననీ కూడా చెప్పించింది.

నాన్న వారం రోజులు ఆలోచించాడు. మా ఇంట్లో ఆడవాళ్ళు ఉద్యోగానికి వెళ్ళిన రివాజు లేదు. చివరికి, "సరే, ఈ ఒక్కసారికి రానీండి. అయితే అయింది, లేదంటే మళ్ళీ ఈ ఊసు మా ఇంట్లో ఎత్తకూడదు," అన్నాడు. వదిన ఆ మాటకి తల ఊపి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తర్వాత నేను నీళ్ళకి వెళ్తే, స్టవ్వు ముందు కూర్చుని చేతివేళ్ళతో గాలిలో ఏదో కొలుస్తూ, పెదవులు కదుపుతోంది. "ఏం చేస్తున్నావు వదినా?" అన్నాను. సిగ్గుపడింది. "పాఠం బాబూ. పదిమంది ఎదురుగా కూకుంటే హిందీలో ఎలా చెప్పాలో చూసుకుంటన్నాను. మైదా జల్లించడాన్ని ఛాన్‌నా అంటే సరిపోద్దా?"

ఆఫీసరమ్మ రావాల్సిన రోజుకి ముందు రోజు పిల్లి ఒక పని చేసింది. ఇసుకని ఎండబెడదామని వదిన బకెట్‌లో పోసి పెరట్లో పెడితే, మా ఇంటి పిల్లి అది తనకోసమే పెట్టారనుకుంది. అమ్మ నవ్వు ఆపుకోలేక అరుగు మీద చతికిలబడింది. వదినకి మాత్రం ఏడుపొక్కటే తక్కువ. అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు. వదిన నా దగ్గరికి వచ్చింది. "బాబూ, నీకు దండం పెడతాను. వాగుకెళ్ళి ఇసక తెచ్చీవా? చీకటి పడకముందే వచ్చీగలవు." సంచీ, చిన్న తాపీ చేతికిచ్చింది. జేబులో గుప్పెడు జీడిపప్పు పోసింది.

నాకప్పుడు ఇరవై మూడు. వీధి చివర స్నేహితుడింట్లో క్యారమ్స్ నడుస్తోంది. ఒక్క బోర్డు ఆడి వెళ్దామని సైకిలు దిగాను. ఒక్కటి ఆడాను, ఓడిపోయాను. ఓడిపోయి లేస్తే ఏం మర్యాద? ఇంకొకటి ఆడాను. నేను తలెత్తేసరికి కిటికీలో ఎండ పచ్చబడింది. వాగు దాకా వెళ్ళి వచ్చే పొద్దు లేదు. నిజానికి అప్పుడు ఇంటికెళ్ళి "వదినా, ఆడుతూ కూర్చుండిపోయాను, రేపు తెల్లారి తెస్తాను" అంటే సరిపోయేది. తెల్లారి తేవచ్చు కూడా, ఆఫీసరమ్మ వచ్చేది సాయంత్రం నాలుగింటికి. కానీ తెల్లారి లేవాలంటే బద్ధకం. ఇసుక ఇసుకే కదా అనుకున్నాను. ఆ వీధి చివరే పడవల దగ్గర దిగి సంచీ నింపాను.

అంతటితో ఆగి ఉంటే బద్ధకం అని సరిపెట్టుకోవచ్చు. నేను సైకిలు చక్రాలకి కాస్త బురద కూడా పూశాను. పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి కాళ్ళ మీద నీళ్ళు చల్లుకున్నాను. అంత శ్రద్ధ ఆ రోజు ఇంకే పనిలోనూ పెట్టలేదు. ఇసుకని కుళాయి కింద కడుగుదామన్నా, మా వీధికి నీళ్ళు వచ్చే రోజు కాదు. నన్ను చూడగానే వదిన మజ్జిగ గ్లాసుతో ఎదురొచ్చింది.

"ఎంత అలిసిపోయినావు బాబూ! వాగులోదేనా? ఇంత తెల్లగున్నాదేటి?"

"ఎండకి ఆరింది వదినా."

ఆవిడ చేట తెస్తుంటే, "నేను జల్లిస్తాలే, నువ్వు కేకు పని చూసుకో," అన్నాను. ఎంత మంచి మరిది అనుకుని ఉంటుంది. జల్లిస్తుంటే రెండు గవ్వ ముక్కలు వచ్చాయి, జేబులో వేసుకున్నాను. ఒక బుల్లి శంఖం తనంతట తానే నడుచుకుంటూ చేట అంచు దాకా వచ్చింది. లోపల పీత ఉంది. దాన్ని గోడ అవతలికి విసిరాను. ఆ రోజు నా అబద్ధాన్ని పట్టిచ్చే సాక్షి అదొక్కటే.

మర్నాడు మధ్యాహ్నం దేక్చీ స్టవ్వు ఎక్కింది. వేడెక్కిన ఇసుకలోంచి ఏదో వాసన వచ్చే ఉంటుంది. అమ్మకి రాలేదు, వదినకి రాలేదు, నాకూ రాలేదు. వదిన మా ఇంటికొచ్చి అప్పటికి అయిదేళ్ళు, ఆవిడ ముక్కు కూడా జంగ్లీఘాట్ ముక్కే అయిపోయింది. గంట సేపు మూత బిగించి ఉన్న దేక్చీలో కేకు ఆ ఇసుక ఆవిర్లు పీల్చుకుంటూ ఉడికింది. చాచా బతికి ఉంటే గుమ్మంలోంచే కనిపెట్టేవాడేమో.

సరిగ్గా నాలుగింటికి ఆఫీసరమ్మ వచ్చింది. నెమ్మదస్తురాలు. వదినని పక్కన కూర్చోబెట్టుకుని దేక్చీ, చుట్టు, డబ్బా అన్నీ అడిగి చూసింది. వదిన మొదట తడబడింది కానీ తర్వాత ఎంత చక్కగా చెప్పిందో! గాలిలో నేర్చుకున్న పాఠం పొల్లుపోకుండా అప్పజెప్పింది. నాన్న మొహంలో కూడా కొంచెం గర్వం కనబడింది. వదిన కేకు కోసి ప్లేటులో రెండు ముక్కలు పెట్టి ఇచ్చింది. ఆవిడ ఒక ముక్క నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది. ప్లేటు దించింది.

"ఇస్ మే... మఛ్లీ?" అంది. ఇన్నేళ్ళుగా నేను అనుకరిస్తున్న ఆ మాటలో నిజానికి వెటకారమేమీ లేదు. ఎక్కడ నొచ్చుకుంటామోనని చాలా మెల్లిగా అడిగింది.

వదినకి అర్థం కాలేదు. "నహీ మేడమ్, అండా హై, కిస్‌మిస్ హై," అంటూ ఏమేం వేసిందో చెబుతోంది. ఆవిడ తల ఊపి, "కోయీ బాత్ నహీ. బస్, బర్తన్ అలగ్ రఖ్‌నా చాహియే," అంది. పరవాలేదు, గిన్నెలు మాత్రం వేరుగా ఉంచుకోవాలి అని. టీ మాత్రం చివరి చుక్క దాకా తాగి, కబురు చేస్తానని చెప్పి వెళ్ళింది. ఆ పనికి ఇంకెవరినో తీసుకున్నారు.

ఆవిడ వెళ్ళాక నాన్న ఒక ముక్క తిన్నాడు. "బాగానే ఉందే!" అన్నాడు. అమ్మ తింది, నేను తిన్నాను. మా ఎవ్వరికీ చేప తగల్లేదు. మిగతావాళ్ళకి అది వింత. నాకు మాత్రం ఆవిడ ప్లేటు దించిన క్షణంలోనే అంతా తెలిసిపోయింది.

"చేపలొండే దేక్చీలో గాని ఎట్టీసినావేటే?" అంది అమ్మ.

"నేదత్తయ్యా, దీన్ని నేను దేనికీ వాడ్ను. ఉట్టి మీద నుంచే తీసినాను."

"మరి ఆవిడ ఊరికే అంటాదా?"

వదిన నా వైపు చూసింది. సాక్ష్యం కోసం అనుకుంటాను. పొద్దున్న ఉట్టి మీంచి ఆ దేక్చీ దించి ఇచ్చింది నేనే. నేను చెప్పాల్సిన మాట నోటి చివర ఉంది. దాని బదులు ఇంకో మాట అన్నాను. "రెండూ ఒకేలా ఉంటాయి కదా వదినా. మొన్న కడిగి పెట్టినప్పుడు నువ్వే మార్చి పెట్టావేమో."

వదిన లేచి వెళ్ళి రెండు దేక్చీలనీ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. ఒకదాన్ని వాసన చూసింది. రెండోదాన్ని వాసన చూసింది. మళ్ళీ మొదటిదాన్ని. అలా ఎంతసేపు చూసిందో. చివరికి, "అయుంటాది బాబూ. కంగార్లో నేనే మార్చీసుంటాను," అంది.

నాన్న అనాల్సింది ముందే అనేశాడు. నేను మాత్రం సాయం చేసేవాడిలా దేక్చీలో ఇసుకని తీసుకెళ్ళి సముద్రంలో పారబోసి వచ్చాను.

ఆ తర్వాత వదిన కేకు చేయలేదు. కేకు దేక్చీని కూడా చేపలకే ఇచ్చేసింది. నేను దుకాణం పెట్టుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, మంచివాడిగా పేరు తెచ్చుకున్నాను. అయిదారేళ్ళు గడిచాక ఒక పెళ్ళి విందులో ఎవరో నవ్వించమంటే మొదటిసారి ఆ కథ చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పుడు ఆలోచిస్తే, పదిమంది నవ్వేస్తే అది చిన్న విషయం అయిపోతుందనుకున్నానేమో. నవ్వారు. నాకూ తేలికైంది. ఆ తేలిక కోసం మళ్ళీ మళ్ళీ చెప్పాను. వదిన ఎదురుగా కూడా చెప్పాను. అప్పుడల్లా ఆవిడ నవ్వి, లోపలికి వెళ్ళి ఏదో ఒక గిన్నె కడిగేది.

ఇంత వరకూ మంగళవారం రాశాను. ముందు మా అమ్మాయికి ఇద్దామనుకున్నాను. కథని నమ్మి పెరిగింది తను కదా. ఫోనులో అడిగితే నవ్వింది. "తెలుగులో రాశావా చిన్నాన్నా? అరే, నాకు చదవడం ఎక్కడొచ్చు! వాయిస్ పెట్టు, లేదంటే అమ్మకిస్తే చదివి వినిపిస్తాది." ఇంతమందిమి ఉన్నాం, ఈ కాగితాలు తడుముకోకుండా చదవగల మనిషి ఇప్పుడు మా వదిన ఒక్కర్తే. వాయిస్ పెట్టడం సులువే. నా గొంతులో వింటే మళ్ళీ ఎక్కడో ఒకచోట నవ్వించేస్తానని నాకే భయం వేసింది. ఈ ఆదివారం కాగితాలు పట్టుకుని గరాచర్మ వెళ్ళి వదిన చేతిలో పెట్టాను.

వరండాలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని చదివింది. నేను ఎదురుగా పేము మోడా మీద కూర్చున్నాను. టీ చల్లారింది, ఆవిడదీ నాదీ. గుణింతాలు దిద్దించిన రోజుల్లోలాగే, తప్పు రాసిన చోట వేలు ఆగుతోంది. పిల్లి దగ్గర చిన్నగా నవ్వింది. ఆ తర్వాత నవ్వలేదు. చివరి కాగితం అయ్యాక మళ్ళీ వెనక్కి వెళ్ళి ఒకటి తీసి చదివింది. ఏదో నాకు తెలుసు, ఇసుక నింపిన చోటు.

"ఇసకా?" అంది.

"అవును వదినా."

కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. "ఆవిడకి తెలిసిన వాసన నాకు తెలీనేదు కదా బాబూ. నా ముక్కే మంచిది కాదనుకున్నాను. నా చేత్తో ఎట్టినదాంట్లో ఏముంటాదో నాకే తెలీదేమోనని... ఎవరికి అన్నం ఎట్టినా అదే భయం." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "క్యారమ్స్ ఆడినానని చెప్తే నేను తిడుదునేటి? తెల్లారి నేనే నడిచెల్లి తెచ్చుకుందును."

క్షమించమని అడిగాను. ఆవిడ కాగితాలు వరసగా పేర్చుకుంటోంది. లోపలి నుంచి మా అమ్మాయి, "అమ్మా, ఏం రాశాడు చిన్నాన్న? నవ్వొచ్చేదేనా?" అని కేకేసింది. "నవ్వొచ్చేది కాదు. ఇలా వచ్చి కూకో," అంది వదిన. కూతుర్ని, వియ్యపురాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదటి నుంచీ పైకి చదివింది. పాఠం చెప్పే గొంతు. ఆఫీసరమ్మ ముందు తప్ప ఆ గొంతు నేను ఇంకెప్పుడూ వినలేదు. "ఎంత మంచి మరిది" అని నేను రాసిన చోట ఆగి, నా వైపు చూసి, మళ్ళీ చదివింది. మా అమ్మాయి మొహం మెల్లమెల్లగా మారిపోయింది. అంతా అయ్యాక, "చిన్నాన్నా, మొన్న ఆదివారం కూడా చెప్పావు," అంది. అదే ఇంకా చెవిలో ఉంది.

నేను బయల్దేరేముందు వదిన, "ఆ వాగు ఎక్కడుండేది?" అని అడిగింది. తీసుకెళ్ళి చూపించాను. దూరం లేదు, మా అమ్మాయి ఇంటి వెనక మూడో వీధి. రెండు పక్కలా ఇళ్ళు లేచి, వాగుకి సిమెంటు గోడలు కట్టేశారు. కల్వర్టు కింద మాత్రం ఇంకా పాదమంత మేర గోధుమరంగు ఇసుక ఉంది. వదిన వంగి గుప్పెడు తీసుకుంది, వేళ్ళ మధ్య నుంచి జారవిడిచింది. "ఇదే. మీఠీ రేత్," అంది.

తిరిగి వచ్చేసరికి మా అమ్మాయి ఓవెన్ ఆన్ చేసి పిండి కలుపుతోంది. వదిన కొంగు బిగించి, "లేయే, నేను కలుపుతాను," అని గిన్నె అందుకుంది. ఇరవై నాలుగేళ్ళ తర్వాత. ఎండుపళ్ళు టీలో నానలేదని గొణిగింది, మైదా జల్లించలేదని కూతుర్ని కసిరింది. టిన్ను కడిగింది. ఒక్కసారే కడిగింది. తుడిచి ముక్కు దాకా ఎత్తి, నేను చూస్తున్నానని తెలిసి, ఆపింది. ఒక క్షణం అలాగే గాలిలో పట్టుకుని నిలబడింది. తర్వాత వాసన చూసింది.

"పోదు బాబూ. అలవాటైపోయింది," అంది, నా వైపు చూడకుండా.

ఆ రోజు వాగు దాకా వెళ్ళి రావడానికి నాకు రెండు గంటలు పట్టేది. నేను ఆ దారి తొక్కి చివరికి చేరేసరికి వాగు సగం పూడిపోయింది, వదిన జుట్టు సగం నెరిసిపోయింది.